కథ పంపడానికి 20 రోజులు గడువుంటే, దిద్దుకోవడానికి ఎన్ని రోజులు ఉంచుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: దీపావళి కథల పోటీకి కథ పంపాలనుకుంటున్నారు. గడువు ఇంకా 20 రోజులుంది. 1500 పదాలు మించకూడదు. ఇంతకుముందు మూడు పోటీలకు రాశారు. మూడుసార్లూ ఆఖరి రోజు రాత్రి పదకొండు దాకా రాస్తూనే ఉండి, ఒక్కసారి పైపైన చూసుకుని పంపేశారు. మర్నాడు చదువుకుంటే తప్పులు కళ్ళకు కొట్టొచ్చినట్టు కనిపించాయి. ఈసారి ఎడిటింగ్‌కి ఎంత టైం ఉంచుకోవాలి, రాస్తూ రాస్తూనే దిద్దుకుంటూ పోతే సరిపోదా అని అడిగారు.

సూటిగా చెప్తాను. 20 రోజుల్లో రాయడానికి 9 రోజులే తీసుకోండి. ఆ తర్వాత 4 రోజులు కథను ముట్టుకోకండి. 5 రోజులు దిద్దండి. ఒక రోజు ప్రూఫు, అంటే అక్షరాల తప్పులు, చూసుకుని పంపేయండి. ఆఖరి రోజు ఖాళీగా వదిలేయండి. అంటే ఉన్న గడువులో సగం కూడా రాతకు ఇవ్వడం లేదన్నమాట. రాస్తూ రాస్తూనే దిద్దుకోవడం మంచి అలవాటే గానీ, అది దీనికి బదులు కాదు. ఎందుకో కింద రాస్తాను.

నేను 1998లో హైదరాబాద్ చిక్కడపల్లిలో ఒక డీటీపీ సెంటర్లో (అచ్చుకు పేజీలు కంప్యూటర్లో టైప్ చేసే చోట) ప్రూఫ్‌రీడర్‌గా చేరాను. తర్వాత ఒక పత్రిక ఆదివారం అనుబంధంలో కొన్నేళ్ళు కథలు చూశాను. ఇప్పుడు ఇంటి దగ్గరే కూర్చుని కథల సంపుటాలకు, సావనీర్లకు (సభల కోసం వేసే ప్రత్యేక సంచికలకు) ఎడిటింగ్ చేస్తున్నాను. పోటీల కథలు కట్టలకొద్దీ చదివాను. ఆఖరి రాత్రి ముగించిన కథ చదువుతుంటే తెలిసిపోతుంది. మొదటి రెండు పేజీలు నింపాదిగా నడుస్తాయి, చివరి పేజీలో మాత్రం ముగ్గురు మనుషులు మూడు వాక్యాల్లో మారిపోతారు. రచయితకు శక్తి లేక కాదు, టైం లేక. అలా పక్కకు వెళ్ళిపోయిన మంచి కథలు చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. మీ ప్రశ్నకు ఇంత పొడుగు జవాబు రాయడానికి కారణం అదే.

ముందు ఆ 4 రోజుల సంగతి. చాలామంది దీన్నే కొట్టేస్తారు. "ఖాళీగా ఉంచే బదులు ఆ నాలుగు రోజులూ కూడా దిద్దుకోవచ్చు కదా" అంటారు. రాసిన వెంటనే చదివితే మీరు చదివేది కాగితం మీద ఉన్నది కాదు, మీ తలలో ఉన్నది. "కూర్చున్నాడు" అని రాయబోయి "కూర్చునాడు" అని కొడితే, వత్తు ఎగిరిపోయిందని మీ కన్ను పట్టుకోదు, ఉన్నట్టే చదివేసుకుంటుంది. అక్షరాల మాట సరే, కథ విషయంలో నష్టం ఇంకా ఎక్కువ. నాయిక ఎందుకు అలిగిందో మీకు తెలుసు కాబట్టి అది కథలో ఎక్కడా రాయలేదన్న సంగతి మీకు తట్టదు. నాలుగు రోజులు పక్కన పెడితే తలలో ఉన్నది కొంత చెదురుతుంది. అప్పుడు పరాయివాళ్ళ కథ చదివినట్టు చదవగలుగుతారు.

ఉప్పల్ నుంచి ఒక టీచరమ్మ తన కథ తెచ్చి చూపించారు. మొదలు ఇలా ఉంది: "ఉదయం ఏడు గంటలైంది. బయట సన్నగా వర్షం పడుతోంది. సుజాతకు మెలకువ వచ్చింది. మనసంతా ఏదో తెలియని వెలితి. రాత్రి తండ్రి ఫోన్లో చెప్పిన మాటలే చెవుల్లో మారుమోగుతున్నాయి." ఇలా మూడు పేరాలు నడిచాక, నాలుగో పేరాలో "ఇల్లు బేరం పెట్టానమ్మా, అడ్వాన్సు కూడా తీసుకున్నా" అన్న తండ్రి మాట వస్తుంది. ఆ మూడు పేరాలూ అక్కర్లేదేమో చూడండి అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "వాతావరణం లేకపోతే కథ ఎలా మొదలవుతుందండీ" అన్నారు. నేను పట్టుబట్టలేదు, వారం రోజులు దాని జోలికి వెళ్ళకుండా ఉండమన్నాను. వారం తర్వాత ఫోన్ చేసి, నేను అడక్కుండానే "మూడు పేరాలూ తీసేశానండీ, వర్షం మాత్రం ఉంచాను, తండ్రి ఫోన్లో మాట్లాడుతుంటే వెనక రేకుల మీద చినుకుల చప్పుడు వినిపిస్తుంది" అన్నారు. ఆ చినుకుల చప్పుడు నేను చెప్పగలిగేది కాదు. కథ ఆవిడది కాబట్టి, వారం దూరంగా ఉన్నారు కాబట్టి ఆవిడకు దొరికింది. మొదటి రోజే నా మాట విని కొట్టేసి ఉంటే వర్షం కూడా పోయేది.

ఆ నాలుగు రోజులూ రాయడం మానేయమని కాదు. ఇంకో కథ మొదలుపెట్టుకోండి, చదువుకోండి. ఈ ఫైలు మాత్రం తెరవొద్దు. ఆఫీసుకు వెళ్తూ మెట్రోలో ఫోన్ తీసి "ఒక్కసారి చూద్దాం" అనిపిస్తుంది. అప్పుడే గట్టిగా ఉండాలి. ఏదైనా తడితే నోట్స్‌లో ఒక ముక్క రాసి పెట్టుకోండి, చాలు.

ఇక దిద్దే 5 రోజులు. దిద్దడం అంటే తప్పొప్పులు చూసుకోవడమే అనుకుంటే ఒక్క గంట చాలు. చాలామందికి ఎడిటింగ్ టైం చాలకపోవడానికి కారణం ఇదే: వాళ్ళు లెక్క వేసుకునేది ప్రూఫు చూసే టైం ఒక్కటే. కథ నడక చూడటం ఒక పని, సంభాషణలు చూడటం ఒక పని, నిజానిజాలు చూడటం ఒక పని, వాక్యాలు చూడటం ఇంకో పని. ఒక్కసారి కూర్చుని అన్నీ చూడబోతే ఏదీ సరిగ్గా చూడం. పైగా వరస కూడా ముఖ్యం. వాక్యాలన్నీ చక్కగా చెక్కుకున్నాక ఆ సీనే అక్కర్లేదని తేలితే, చెక్కిన కష్టం గుర్తొచ్చి దాన్ని తీసేయడానికి చెయ్యి రాదు.

మొదటి రోజు కథ నడక మాత్రమే చూడండి. ప్రింటు తీసుకోండి. ఏ వీధిలోనైనా జిరాక్స్ షాపు ఉంటుంది, ఐదారు పేజీలకు పెద్ద ఖర్చేం కాదు. స్క్రీన్ మీద చదివింది కాగితం మీద చదివితే వేరేగా ఉంటుంది. వీలైతే ఇంట్లో కాకుండా ఇంకోచోట కూర్చుని చదవండి. నేను చాలా ఏళ్ళు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని చదివేవాణ్ణి. చుట్టూ పోటీ పరీక్షల పిల్లలు తలెత్తకుండా చదువుతుంటారు, ఆ మధ్యలో మనకూ బద్ధకించబుద్ధి కాదు. చేతిలో పెన్ను ఉంచుకోండి గానీ వాక్యాలు దిద్దకండి. ఎక్కడ విసుగొచ్చిందో అక్కడ పక్కన ఒక గీత, ఎక్కడ అర్థం కాలేదో అక్కడ ఒక ప్రశ్న గుర్తు. అంతే.

రెండో రోజు సంభాషణలు. తెలుగు కథకు ఇది ప్రత్యేకమైన పని, దీనికి టైం ఉంచుకోవాలని ఎవరూ అనుకోరు. మొన్నామధ్య ఒక కథలో వరంగల్ వైపు ముసలమ్మ మొదటి పేజీలో "ఏం జేస్తున్నవ్ బిడ్డా, తిన్నవా" అంటుంది. చాలా సహజంగా ఉంది. నాలుగో పేజీలో కొడుకుతో గొడవ పడుతూ "నువ్వు ఇలా చేస్తావని నేను కలలో కూడా అనుకోలేదు" అంటుంది. ఆవేశం వచ్చేసరికి రచయిత పుస్తక భాషలోకి జారిపోయారు. ఆ తల్లి "నువ్వు గిట్ల జేస్తవనుకోలే కొడుకా" అని ఉంటే ఆ సీను నిలబడేది. ఇలాంటివి పట్టుకోవాలంటే ఒక్కో పాత్ర మాటలన్నీ విడిగా, మొదటి నుంచి చివరి దాకా వరసగా చదవాలి. ముసలమ్మ మాటలన్నీ ఒకసారి, కొడుకు మాటలన్నీ ఒకసారి.

అదే చేత్తో గౌరవవాచకాలు చూసుకోండి. మామగారు మొదట "ఆయన", మధ్యలో "అతను", చివర్లో "అతడు" అయిపోతుంటాడు. కోడలు భర్తను "ఏమండీ" అని పిలిచి, తర్వాతి పేజీలో ఏ కారణం లేకుండా "నువ్వు" అంటుంది. కోపం వచ్చి "నువ్వు"లోకి దిగితే అది కథ, ఊరికే దిగితే అది పొరపాటు. రెండింటికీ తేడా మీకు తెలుసు. చదివేవాళ్ళకు తెలియాలి.

మూడో రోజు నిజానిజాలు. కథే కదా అని వదిలేస్తారు. హైదరాబాద్ నేపథ్యంగా వచ్చే కథల్లో నేను ఎక్కువగా పట్టుకునేది మెట్రో. ఒక కథ 2018లో జరుగుతుంది, నాయకుడు చిక్కడపల్లిలో మెట్రో ఎక్కుతాడు. హైదరాబాద్‌లో మెట్రో 2017 నవంబరు చివర్లో మొదలైన మాట నిజమే గానీ, అది మియాపూర్ నుంచి అమీర్‌పేట మీదుగా నాగోల్ దాకా. హైటెక్ సిటీ దాకా వెళ్ళింది 2019 మార్చిలో. చిక్కడపల్లి మీదుగా వెళ్ళే జూబ్లీ బస్ స్టేషన్–మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (జేబీఎస్–ఎంజీబీఎస్) లైను 2020 ఫిబ్రవరిలో మొదలైంది. అక్కడ ఉండే పాఠకుడు ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోతాడు. ఆ తర్వాత మీరు ఎంత మంచి మాట రాసినా వాడి నమ్మకం తిరిగి రాదు. అలాగే 2006లో అమెరికా నుంచి వచ్చిన కొడుకు శంషాబాద్‌లో దిగకూడదు, ఆ ఎయిర్‌పోర్టు 2008 మార్చిలో తెరిచారు, అప్పటిదాకా బేగంపేటే. 2017 ఉగాదికి తాతయ్య మనవరాలి చేతిలో వెయ్యి రూపాయల నోటు పెట్టకూడదు, అది 2016 నవంబరు 8 రాత్రితో రద్దయింది.

మీది దీపావళి పోటీ కాబట్టి ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. దీపావళి అమావాస్య. ఆ రాత్రి డాబా మీద వెన్నెల ఉండదు. బతుకమ్మ పండగ మొదలయ్యే ఎంగిలిపూల బతుకమ్మ రోజు కూడా అమావాస్యే. "పండువెన్నెల్లో ఎంగిలిపూల బతుకమ్మ ఆడుతున్న అమ్మలక్కలు" అన్న వాక్యం ఒక కథలో చూశాను. చదవడానికి ఎంత అందంగా ఉందో. తీసేయక తప్పలేదు. రచయిత గడువుకు పది రోజుల ముందు పంపారు కాబట్టి ఆయనకే చెప్పి మార్పించగలిగాను. వెన్నెల స్థానంలో వీధి చివర స్తంభం లైటు వచ్చింది, దాని కింద ఆడవాళ్ళ నీడలు వలయంలా తిరగడం వచ్చింది. ముందున్న దానికన్నా బాగుంది. ఆఖరి రోజు వచ్చి ఉంటే ఆ పని జరిగేది కాదు.

నాలుగో రోజు వాక్యాలు. గట్టిగా చదవండి, పెదాలు కదిపితే చాలదు, గొంతు విప్పి చదవాలి. 1500 పదాల కథ గట్టిగా చదవడానికి నాకు దాదాపు ఇరవై నిమిషాలు పడుతుంది. ఊపిరి చాలని వాక్యం దగ్గర ఆగి రెండు చేయండి. ఒకే పేరాలో "ఉన్నాడు, ఉన్నాడు, ఉన్నాడు" అని నాలుగు వాక్యాలు ముగిస్తే కంటికి తెలియదు, చెవికి తెలుస్తుంది. ఇంట్లో వాళ్ళు ఏమనుకుంటారోనని మొహమాటపడకండి. మేడ మీదకు వెళ్ళి చదువుకోండి.

కోత కూడా ఆ రోజే. మీకు 1500 పదాల పరిమితి ఉంది. మామూలుగా మొదటి రాత 1900, 2000 దాకా వస్తుంది. ఐదువందల పదాలు తీసేయడం రాసినంత పని. ఆఖరి గంటలో తీసేవాళ్ళు ఒక సీను మొత్తం ఎత్తేస్తారు, కథకు చెయ్యి విరిగినట్టవుతుంది. టైం ఉన్నవాళ్ళు వాక్యానికి రెండు మాటల చొప్పున తీస్తారు, ఏం తీశారో పాఠకుడికి తెలియను కూడా తెలియదు. "అతను తన చేతిలో ఉన్న కాఫీ కప్పును తీసుకెళ్ళి టేబుల్ మీద పెట్టాడు" అన్నచోట "కాఫీ కప్పు టేబుల్ మీద పెట్టాడు" చాలు. పది పదాల్లో ఐదు పోయాయి, ఒక్క అర్థమూ పోలేదు.

ఐదో రోజు ఇంకొకరి కోసం. నిజానికి వాళ్ళకు కథ మొదటి రోజు సాయంత్రమే పంపాలి, ఐదో రోజుకు వాళ్ళ మాట మీకు అందాలి. అవతలివాళ్ళకూ ఉద్యోగాలుంటాయి, పిల్లలుంటారు. రాత్రి తొమ్మిదింటికి పంపి "పన్నెండింటిలోపు చెప్పు" అంటే ఎంత స్నేహితులైనా "బాగుంది" అనే చెప్తారు. మీకు కావలసింది ఆ మాట కాదు. నేనైతే మూడే ప్రశ్నలు అడుగుతాను: ఎక్కడ ఆగిపోయావు, ఎవరు ఎవరో ఎక్కడ తెలియలేదు, చివర్లో ఏం జరిగిందో నీ మాటల్లో చెప్పు. మూడో ప్రశ్నకు వచ్చే జవాబే అసలైనది. మీరు ఒకటి రాసి, వాళ్ళకు ఇంకొకటి అర్థమైతే, దాన్ని సరిచేయడానికి కనీసం ఒక పూట కావాలి.

చివరి మార్పు చేశాక మళ్ళీ మొత్తం చదవాలి. ఈ మాట నేను ఒక ముసలాయన దగ్గర నేర్చుకున్నాను, ఆయన నేర్పలేదు గానీ.

2004లో ఒక సంస్థ రజతోత్సవ సావనీరుకు ప్రూఫులు చూశాను. వ్యవస్థాపక సభ్యుల జాబితా ఉంది, 22 మంది పేర్లు. వాళ్ళలో కొందరు చనిపోయారు, వాళ్ళ పేర్లకు ముందు "కీ.శే." ఉండాలి. డీటీపీ చేసిన అబ్బాయి ఆ "కీ.శే."లు ఒక వరసలో, పేర్లు ఇంకో వరసలో పక్కపక్కన టైప్ చేశాడు. మూడుసార్లు ప్రూఫు చూశాను, తప్పు లేదు. అచ్చు కోసం పేజీలు ఫిల్ముకు వెళ్ళబోయే ముందు, రాత్రి ఎనిమిదింటికి, కార్యదర్శిగారు ఫోన్ చేసి రెండో స్థానంలో ఒక పేరు కలపమన్నారు. అబ్బాయి కలిపాడు. పేర్ల వరస ఒక గీత కిందికి జరిగింది. పక్కనున్న "కీ.శే."ల వరస జరగలేదు. నేను కొత్త పేరు ఒక్కటి చూసి, అక్షరాలు సరిగ్గా ఉన్నాయని తల ఊపాను. రాత్రికి రాత్రి అచ్చయింది.

మర్నాడు సాయంత్రం సభ. మొదటి వరసలో కూర్చున్న పెద్దాయన, ఎనభై దాటి ఉంటాయి, సావనీరు తెరిచి జాబితా మీద వేలు పెట్టి పైనుంచి కిందికి చదువుకుంటూ వచ్చారు. తన పేరు దగ్గర వేలు ఆగింది. కాసేపు అలాగే ఉంచి, పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఏమీ అనలేదు. ఆయన పక్కనే, కిందటేడు భర్త పోయిన ఒకావిడ, భర్త పేరు ముందు ఆ రెండక్షరాలూ లేకపోవడం చూస్తున్నారు. ఆ వారంలోనే నల్లకుంటలో ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగాను. "తప్పులు దొర్లుతాయి లేవయ్యా, కాఫీ తాగి వెళ్ళు" అన్నారు. ఆ కాఫీ గొంతు దిగడానికి నాకు చాలాసేపు పట్టింది.

మూడు ప్రూఫులు చూసినా ఫలితం లేకపోయింది, ఎందుకంటే నాలుగోది చూడలేదు. ఒక్క పేరే కదా మారింది అనుకున్నాను. కార్యదర్శిగారి ఫోన్ రెండు రోజుల ముందు వచ్చి ఉంటే మళ్ళీ మొత్తం చదివేవాణ్ణి. అందుకే ఇప్పటికీ ఏ పని ఒప్పుకున్నా ఆఖరి రోజు ఖాళీగా పెట్టుకుంటాను. ఆ రోజు పని కోసం కాదు, చివరి నిమిషంలో వచ్చే మార్పు కోసం.

ఇదే మీ కంప్యూటర్లో ఇంకో రూపంలో వస్తుంది. ఒకరు గడువు రోజున నాయకుడి పేరు "రాము" బాగోలేదని, ఫైండ్ అండ్ రీప్లేస్‌తో కథంతా "శేఖర్" చేశారు. పంపేశారు. కథలో అమ్మ కొట్టుకు వెళ్ళి "వంద గ్శేఖర్ల కాఫీ పొడి" అడిగింది. గ్రాముల్లో రాము ఉన్నాడు మరి. తెలుగులో పేరుకు విభక్తులు అతుక్కుంటాయి, పిలుపులో దీర్ఘం వస్తుంది, "రామూ" అన్నచోట ఆ కమాండ్ ముట్టుకోదు, పాత పేరు అలాగే ఉండిపోతుంది. అందుకని పేరు మార్చాలనుకుంటే ప్రతి చోటా ఆగి చూసుకుంటూ మార్చాలి. దానికీ ఒక గంట కావాలి.

19వ రోజు ప్రూఫు. ఇక్కడ ఎక్కువ చెప్పను. ప్రతి ఒక్కరికీ సొంత తప్పులు కొన్ని ఉంటాయి, వాటి చిట్టా ఒకటి రాసి పెట్టుకోండి. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. బాధకు మొదట బ, చివర ధ. ఉచ్చారణలో ఛ వత్తు లేదు. దృక్పథంలో థ. అనుమానం వస్తే ఆంధ్రభారతి సైటులో చాలా నిఘంటువులు ఒకేచోట వెతకొచ్చు. ఫోన్లో నోటితో చెప్పి టైప్ చేయించే అలవాటుంటే ఇంకో గంట అదనంగా పెట్టుకోండి, అది ఒక మాటకు దగ్గరగా ఉన్న ఇంకో మాట వేస్తుంది, పైగా ఆ మాట తప్పులా కనిపించదు. అను ఫాంట్లలో (డీటీపీలో వాడే తెలుగు అక్షరాల్లో) ఉన్నదాన్ని ఫోన్లలో, నెట్‌లో కనిపించే యూనికోడ్‌కు మారిస్తే వత్తులు అక్కడక్కడా చెదురుతాయి, మళ్ళీ మొదటి నుంచి చదవాలి. "హైదరాబాద్‌లో" అని టైప్ చేసేటప్పుడు మధ్యలో అక్షరాలను విడదీసే, కంటికి కనిపించని గుర్తు పడకపోతే ద కింద ల వత్తు చేరి "హైదరాబాద్లో" అవుతుంది. చిన్న విషయమే, కానీ పేజీకి ఆరుసార్లు వస్తుంది.

నిబంధనలు కూడా ఆ రోజే ఇంకోసారి చదవండి. చాలా పోటీలకు హామీ పత్రం జత చేయాలి, కథ సొంతమనీ, అనువాదమో అనుసరణో కాదనీ, ఇంకెక్కడా పరిశీలనలో లేదనీ. కథ ఉన్న పేజీల మీద పేరు ఉండకూడదని అడుగుతారు. హామీ పత్రం లేదని పక్కన పెట్టిన కవర్లలో మంచి కథలుంటాయి, చూసి బాధపడటం తప్ప చేయగలిగింది ఉండదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, రాస్తూనే దిద్దుకోవడం. ప్రతి రోజూ రాయడానికి కూర్చునే ముందు నిన్నటి పేజీ ఒకసారి చదివి, చేతికి తగిలిన తప్పులు సరిచేసుకుని ముందుకెళ్ళండి. అంతవరకే. మొదటి పేరానే తొమ్మిది రోజులూ తిరగరాస్తూ కూర్చునేవాళ్ళను చూశాను. వాళ్ళకు అద్భుతమైన ఒక పేరా ఉంటుంది, కథ ఉండదు. కథ చివర ఏమవుతుందో తెలియకుండా మొదలు సరైందో కాదో ఎలా చెప్పగలం? ముందు చివరిదాకా వెళ్ళండి, అధ్వానంగా ఉన్నా సరే.

20 రోజులు లేని సందర్భాలూ వస్తాయి. పత్రికలో పని చేసినప్పుడు సాయంత్రం నాలుగింటికి చెప్పి ఏడింటికల్లా వ్యాసం కావాలనేవాళ్ళు. అప్పుడు కూడా ఐదున్నరకు రాత ఆపేసేవాణ్ణి. కిందికి వెళ్ళి టీ తాగి, ఎవరితోనైనా వేరే విషయం ఏదైనా మాట్లాడి, పదిహేను నిమిషాల తర్వాత వచ్చి ప్రింటు తీసి చదివేవాణ్ణి. టైం కుదించుకుపోతే రాత, విరామం, దిద్దుబాటు మూడూ కలిసి కుదించుకోవాలి. విరామాన్ని మొత్తంగా మింగేయకూడదు. మూడు రోజులే ఉంటే ఒకటిన్నర రోజు రాయండి, ఒక రాత్రి నిద్రపోండి, మిగిలింది దిద్దండి. ఆ నిద్రను మాత్రం వదులుకోకండి.

ఎక్కువ టైం ఉన్నా ఒక ప్రమాదం ఉంది. ఆరు నెలలు దిద్దిన కథ ఒకటి నా దగ్గరకు వచ్చింది. తప్పు అనేది లేదు, ఉలికిపాటు కూడా లేదు. ప్రతి వాక్యాన్నీ అరగదీసేశారు. తీసేసిన మాటను మళ్ళీ పెట్టడం, పెట్టిన కామాను మళ్ళీ తీయడం మొదలైందంటే దిద్దుబాటు అయిపోయినట్టే. అక్కడ ఆపేయండి.

మీరు ఉద్యోగం చేస్తున్నానని, రాత్రి తొమ్మిదిన్నర తర్వాతే తీరికని రాశారు. ప్రశ్న పెట్టింది ఆదివారం. సోమవారం మొదటి రోజు అనుకుందాం. రాత్రికి గంట చొప్పున, రెండువందల పై చిలుకు పదాలు రాస్తే వచ్చే వారం మంగళవారానికి మొదటి రాత అయిపోతుంది. బుధవారం నుంచి శనివారం దాకా ఫైలు మూసి ఉంటుంది. ఆ పై ఆదివారం సెలవు, ప్రింటు పట్టుకుని కథ నడక చూడటానికి పూర్తి రోజు దొరుకుతుంది, అదే సాయంత్రం కథ స్నేహితులకు పంపండి. సోమ, మంగళ, బుధ, గురు రాత్రులు మిగతా పనులు. శుక్రవారం ప్రూఫు చూసి, హామీ పత్రం జత చేసి, ఆ రాత్రే పంపేయండి. శనివారం గడువు ఆఖరి రోజు, మీకు ఏ పనీ ఉండదు.

ఆ బుధవారం నుంచి శనివారం దాకా ఫైలు మీ కంటికి కనిపించకుండా ఉండాలంటే, దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంట్లో ఎవరికైనా ఇచ్చేయండి. నా దగ్గరకు వచ్చేవాళ్ళకు ఇదే చెప్తాను, చాలామంది ఇప్పటికీ అలాగే చేస్తున్నారు.